రాని రైలుకు నలభై ఏడో రాయి

నేను ఇరవై ఏళ్ళు ఒకే రైలు మార్గం మీద పనిచేశాను. ఆ మార్గం మీద ఇంతవరకూ ఏ రైలూ ఒక్క నిమిషం ఆలస్యంగా నడవలేదు. ఒక్క ప్రమాదం జరగలేదు. టిక్కెట్టు లేని ప్రయాణికుడు ఒక్కడూ దొరకలేదు. ఇలాంటి రికార్డు దేశంలో మరో మార్గానికి ఉంటే చూపించండి, నా మీసం తీసేస్తాను. ఇంత ఘనతకి కారణం చిన్నదే. ఆ మార్గం ఇంకా వేయలేదు.

ఇప్పుడు దానికి మూడోసారి సర్వే మొదలైంది. మొన్న ఇద్దరు కుర్ర సర్వేయర్లు గనుల ఊరు కిరందుల్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి పాత మ్యాపులు అడిగారు. వాళ్ళ దగ్గర మడిచి పెట్టెలో పెట్టుకునే ఎగిరే కెమెరా ఉంది. మా రోజుల్లో మడిచి పెట్టుకునేవి రెండే, గొడుగూ నోరూ. మ్యాపులు ఇచ్చాను, టీ ఇచ్చాను. వాళ్ళలో పొడుగబ్బాయి మ్యాపు మీద వేలుపెట్టి, "సార్, నలభై ఆరో రాయి తర్వాత లైను ఒకటి కొట్టేసి ఇంకొకటి గీశారేంటి?" అని అడిగాడు. ఒక కప్పు టీతో అయ్యే జవాబు కాదది. అందుకే రాస్తున్నాను. సర్వేలోకి వచ్చిన కుర్రాళ్ళూ, మీరూ రేపు రాళ్ళు పాతేవాళ్ళే కనుక చదవండి.

ముందు, కిరందుల్ కొండల నుంచి గోదావరి వైపు పోవలసిన ఆ మార్గం ఎందుకు లేదో చెప్పాలి. డబ్బు లేక కాదు. డబ్బు లేదని ఎవరైనా ఒక్క ముక్క అని ఉంటే మేమందరం వేరే పని చూసుకునేవాళ్ళం. ఎవరూ అనలేదు. ఢిల్లీ వాళ్ళు సగం ఖర్చు రాష్ట్రం పెట్టుకుంటే మిగతా సగం తాము పెడతామన్నారు. రాష్ట్రం వాళ్ళు తమ సగంలో సగం గనుల వాళ్ళు భరిస్తే తాము సిద్ధమన్నారు. గనుల వాళ్ళు, మా ఇనుపరాయికి రైలు ఎప్పుడో ఉంది, రోజూ కొండ దిగి సముద్రానికి పోతోంది, మనుషుల రైలుతో మాకేం పని అన్నారు. అంటూనే, కాదని మాత్రం అనకుండా, ఎంతమంది ఎక్కుతారో అంచనా పంపమన్నారు. అంచనా వేసే పెద్దమనిషి వచ్చి, పదకొండు రోజులు కోళ్ళు తిని, రైలు వస్తే తప్ప ఎంతమంది ఎక్కుతారో చెప్పలేమని రాసి వెళ్ళాడు. ఆ కాగితం మళ్ళీ ఢిల్లీ వెళ్ళింది.

ఫైలు మొదట్లో ఒక చేత్తో పట్టుకునేంత ఉండేది. పదేళ్ళకి దాన్ని మోయడానికి ఇద్దరు ప్యూన్లు కావలసి వచ్చింది. ఇద్దరిలో ఒకడికి నడుం పట్టేసి సెలవు పెట్టాడు. ఆ సెలవు చీటీ కూడా పొరపాటున అదే ఫైల్లో చేరి ఢిల్లీ దాకా పోయి, "పరిశీలించి తెలుపగలరు" అన్న ముద్రతో తిరిగొచ్చింది.

మా ఆఫీసుకి ఒక పెద్దసారు ఉండేవారు. గోదావరి జిల్లా మనిషి, చాలా మెత్తనివారు. ఎవరి మనసూ నొప్పించి ఎరగరు. ఎందుకంటే ఎవరికీ అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఏ కాగితం పెట్టినా కళ్ళజోడు సర్దుకుని "చూద్దామండీ" అనేవారు. ఆయన "చూద్దాం" అన్న కాగితాలు వరసగా పరిస్తే మా అడవిలో కొంటా నుంచి బీజాపూర్ దాకా కాలికి మట్టి అంటకుండా నడిచి వెళ్ళొచ్చు. ఆయన పెన్నులో పచ్చ సిరా నేను చేరినప్పుడు పోసింది, చాలా ఏళ్ళ వరకు మళ్ళీ పోయవలసిన అవసరం రాలేదు.

ఇక నా సంగతి. మా నాన్న గనిలో పనికి ఆంధ్రా నుంచి వచ్చాడు. నేను కిరందుల్ క్వార్టర్లలో పుట్టి, ఖనిజం రైలు కూత విని నిద్రలేచిన వాణ్ణి. ఇంట్లో తెలుగు, బళ్ళో హిందీ, సంతలో హల్బీ. అందుకే సర్వేలో తీసుకున్నారు. నాతో పాటు ఒక ఖలాసీ ఉండేవాడు. భద్రాచలం వైపు మనిషి, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నన్ను "బాబూ" అనేవాడు. ఆ పిలుపులో గౌరవం ఎంతో ఎగతాళీ అంతే. కొలబద్ద పట్టుకోవడం, పొదలు నరకడం, కోడికూర వండటం అతని పనులు. మూడోదాంట్లో అతన్ని మించినవాడు గోదావరికి ఇవతలా లేడు, అవతలా లేడు. అతని కూర వాసనకి ఎలుగుబంట్లు వరసలో నిలబడేవని నేను మా ఆవిడకి చెప్పేవాణ్ణి. ఒక ఎలుగుబంటి నిజంగానే వచ్చింది, మిగతావి నేను కలిపాను.

నేను చేరకముందే మొదటి సర్వే అయిపోయింది. అప్పటివాళ్ళు లైను పోయే దారంతా రాళ్ళు పాతి, సున్నం కొట్టి, ఎర్రరంగుతో అంకెలు వేశారు. తర్వాత పన్నెండేళ్ళు డబ్బు సంగతి తేలలేదు. పన్నెండు వానాకాలాలు సున్నాన్ని కడిగేశాయి. అప్పుడు పైనుంచి, పాత రాళ్ళు వెతికి పట్టుకుని లైను మళ్ళీ కొలిచి రమ్మని ఉత్తర్వు వచ్చింది. అదే రెండో సర్వే. అదే నా వీరగాథ.

కిష్టారం చెక్‌పోస్టు దాటాక లోపలి ఊళ్ళలో కాల్పుల భయం కనుక, మాకు పని చేసుకోవడానికి పోలీసుల అనుమతి నెలకి నాలుగు రోజులు. పొద్దున ఎనిమిదికి లోపలికి, మధ్యాహ్నం మూడున్నరకి బయటికి. ఒక్క నిమిషం దాటితే చెక్‌పోస్టులో జవాను మా ముఖాలకంటే వాచీనే ఎక్కువసేపు చూసేవాడు. అలాంటి ఒకరోజు, మూడు గంటలకి, నలభై ఆరో రాయి దొరికింది. నలభై ఏడోది దొరకాలి. పాత పుస్తకంలో "ఇప్పచెట్టు పక్కన, నిటారు రాయి" అని ఉంది. ఆ అడవిలో ఇప్పచెట్టు పక్కన అని రాయడం సముద్రంలో నీళ్ళ పక్కన అని రాయడం లాంటిది. వెతికాం. ఒక పొలం గట్టు మీద, ఇప్పచెట్టు పక్కన, నా ఛాతీ ఎత్తున ఒక రాయి కనిపించింది. నిటారుగా, తెల్లగా, తలెత్తుకుని నిలబడి ఉంది.

"బాబూ, గీ రాయి మనదేనంటవా?" అన్నాడు ఖలాసీ.

"మనది కాకపోతే అడవిలో ఇంత నిటారుగా ఎవడు నిలబెడతాడు?"

"ఎవడో నిలబెట్టిండు గద, నిలబడ్డది."

"నంబరు చెరిగిపోయింది, అంతే."

"చెరిగిందా? అసలు రాసినట్టే లేదు."

"క్యాంపులో కూర చల్లారిపోతోంది."

ఖలాసీ పొద్దు వైపు చూశాడు. "గట్లయితే మనదే" అన్నాడు.

నేను ఎర్రరంగు డబ్బా మూత తీసి, నా జీవితంలో అంత అందంగా మరెప్పుడూ రాయలేదు, నలభై ఏడు అని రాశాను. కొలిస్తే పాత పుస్తకంలో ఉన్న దూరానికి రెండువందల ఇరవై అడుగులు తేడా వచ్చింది. పాతవాళ్ళు తప్పు కొలిచారని రాసేశాను. ముందు పనిచేసినవాడి మీదకి నెట్టడం మా శాఖలో మొట్టమొదట నేర్పే విద్య, పరికరం పట్టుకోవడం ఆ తర్వాత నేర్పుతారు.

ఆ రాయి కోసం లైను ఒక వంపు తిరిగింది. ఆఫీసులో నక్షా గీసే అతను ఆ వంపుని నున్నగా, నెమలి మెడలాగా గీశాడు. పెద్దసారు దాన్ని చూసి మురిసిపోయారు. "ఎంత హుందాగా ఉందండీ ఈ వంపు" అన్నారు. ఆయన నోట "చూద్దాం" కాకుండా ఇంకో మాట రావడం అదే మొదలు. నాకు ఆ ఏడు మంచి రిపోర్టు పడింది.

నక్షా జిల్లా కార్యాలయానికి వెళ్ళింది. అక్కడి నుంచి ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీకి చేరింది. లైను పడిన పొలాలన్నిటికీ పట్వారీ తన పుస్తకంలో ఎర్రగీత పెట్టుకున్నాడు. ఎర్రగీత పడిన పొలంలో సర్కారు బావి తవ్వకూడదు, సర్కారు ఇల్లు కట్టకూడదు. పోనీ పరిహారం ఇస్తారా అంటే, అది లైనుకి డబ్బు మంజూరైన తర్వాత. డబ్బు సంగతి పైన చెప్పాను.

నాలుగేళ్ళ తర్వాత రాళ్ళు ఉన్నాయో లేదో చూసి రమ్మంటే నేనూ ఖలాసీ మళ్ళీ అటు వెళ్ళాం. నలభై ఏడో రాయి దగ్గర ఒకామె నిలబడి ఉంది. నా వయసే ఉంటుంది, ఒకటి రెండేళ్ళు ఎక్కువేమో. చేతిలో కొడవలి, నెత్తి మీద రెండు బిందెలు. ఆ బిందెలు ఎక్కడినుంచి తెస్తోందో తర్వాత చెప్పింది. వాగు నుంచి. అక్కడికి వాగు రమారమి మూడు కిలోమీటర్లు. నేనైతే ముప్పై అని రాసేవాణ్ణి, కానీ ఆమె చదివించుకుంటే తిడుతుంది.

"నువ్వు రైలు సారువేనా?" అంది, మిర్చికోతలకి గోదావరి వైపు పోయి నేర్చిన తెలుగులో.

"అవునక్కా."

"మా మామ మీద గీ నంబరు ఎవడు రాసిండో ఎరికేనా?"

"మామా? ఏ మామ?"

ఆమె బిందెలు దించి, మనిషి భుజం మీద వేసినట్టు రాయి మీద చెయ్యి వేసింది. "గీయన. మా ఆయన నాయన. పోయినంక ఊరంత కలిసి రాయి నిలబెట్టినం. ఒకనాడు వచ్చి చూస్తే ఎర్రగ నంబరేసుకుని ఉన్నడు. నంబరు పడ్డోళ్ళకి పింఛనొస్తదేమో అనుకున్న. పింఛన్ రాలే. పట్వారీ వచ్చిండు."

నేను రాయి వైపు చూశాను. అడుగున ఎండిన ఇప్పసారా మరకలు. పక్కన కర్రకి కట్టిన ఎద్దు తోక. ఆ వైపు ఊళ్ళలో చనిపోయినవాళ్ళకి ఇలా రాయి నిలబెడతారని నాకు తెలియక కాదు. చిన్నప్పటి నుంచి వంద చూశాను. కూర చల్లారిపోయే వేళకి నూటొకటోది గుర్తుపట్టలేదు, అంతే. ఖలాసీ అప్పటికే తలెత్తి ఆకాశంలో లేని విమానాన్ని చూడటం మొదలుపెట్టాడు.

ఆమె నన్ను తిట్టలేదు. ఆమెకి ఆ నంబరు ఒక ఎగతాళి మాత్రమే. అసలు బాధ బావి. ఆమె భర్త కూడా పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు, ఒక్క వాన పంట. పంచాయతీలో ఆమె పేరు మీద బావి మంజూరైంది. పట్వారీ లైనుందని ఆపాడు. మార్చి ఆఖరుకి మంజూరు మురిగిపోయింది. తర్వాతి ఏడు మళ్ళీ రాశారు, మళ్ళీ మురిగింది.

"లైను నా పొలంల నుంచే పోవాల్నా సారూ? గా పక్కన ఇంత బండ నేల ఉన్నది. ఎవనికీ అక్కెర లేదు. రైలుకి నా మట్టే రుచిగుందా?"

పాత పుస్తకం కొలత ప్రకారం లైను నిజంగా పోవలసింది ఆ బండ నేల మీదనుంచే. ఆ సంగతి ఆ క్షణాన భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఇద్దరిలో ఒకడు విమానం చూస్తున్నాడు. రెండోవాణ్ణి నేను.

"పైకి రాస్తానక్కా" అన్నాను.

ఏం రాస్తాను? హెడ్ సర్వేయరు పదోన్నతి జాబితాలో నా పేరు మూడోది. మనిషి సమాధిరాయిని రైల్వే రాయి అనుకున్నానని రాస్తే మూడోది కాస్తా మూడువందలోది అవుతుంది. అందుకని చుట్టుదారి వెతికాను. ముందు సంతలో పట్వారీని పట్టుకున్నాను. వేయించిన శనగలు నములుతూ నా మాటంతా విన్నాడు.

"అరే భాయ్, నాకేం దుష్మనీ? నక్షాలో లైనుంది. లైనుంటే బావి నహీ. లైను లేదని కాగజ్ తీసుకురా, అభీ ఠప్పా కొడతా. శనగలు తింటావా?"

శనగలు తిని పెద్దసారు దగ్గరకి వెళ్ళాను. ఒక పేద రైతు బావికి అడ్డం లేదని ఉత్తరం ఇప్పించమన్నాను.

"లైను వస్తుందని రాస్తే, డబ్బు ఎక్కడిదయ్యా అంటారు. రాదని రాస్తే, చెప్పడానికి నువ్వెవరయ్యా అంటారు" అన్నారాయన, బాధగానే.

"మార్చి ఆఖరుకి ఆమె మంజూరు పోతుంది సార్."

"మార్చి ప్రతి ఏడూ వస్తుందండీ." కళ్ళజోడు సర్దుకున్నారు. "చూద్దాం."

అలా రెండు మార్చిలు చూశాం. కుర్రాళ్ళూ, ఆ రెండేళ్ళు నేనేం చేశానని అడగకండి. హెడ్ సర్వేయర్ని అయ్యాను. అన్నం తిన్నాను. నిద్రపోయాను కూడా, అదే ఇప్పటికీ ఆశ్చర్యం. ఖలాసీ మాత్రం ఆ తర్వాత క్యాంపులో ఎన్నడూ కోడికూర వండలేదు. అడిగితే, "పప్పు తిను బాబూ, కండ్లు మంచిగ కనబడతయి" అనేవాడు.

మూడో మార్చిలో పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. డబ్బు సంగతి తేల్చే ముందు స్థలం చూసి అభిప్రాయం పంపమని. పెద్దసారే స్వయంగా రావాలి. ఆయన కుర్చీ దిగి అడవికి రావడం ఆఫీసు పుట్టాక అదే మొదటిసారి. రెండు జీపులు, ఒక మడత కుర్చీ, మూడు క్యాన్ల మంచినీళ్ళు, పాముకాటు మందు. ఇంకొంచెం ఉంటే బ్యాండు మేళం కూడా పెట్టేవాళ్ళం.

ఇప్పపూలు రాలే రోజులు. చెట్ల కింద నేలంతా పసుపుగా, తియ్యటి వాసన వేస్తూ ఉంది. ఆడవాళ్ళు తెల్లవారకముందే ఏరుకొచ్చి గంపలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. ఊరంతా వచ్చింది. పట్వారీ కూడా వచ్చాడు, జేబులో శనగలతో. ఇప్పచెట్టు కింద, సరిగ్గా ఆ రాయి పక్కనే, పెద్దసారుకి మడత కుర్చీ వేశారు. ఆయన చుట్టూ చూసి, లేచి నిలబడి, మార్గం పరిశీలనలో ఉందనీ, ప్రభుత్వాలు సానుకూలంగా ఉన్నాయనీ, అందరూ ఓపిక పట్టాలనీ మెత్తగా చెప్పారు. నేను దాన్ని ఊరివాళ్ళ మాటలోకి మార్చి చెప్పాను. "పరిశీలన" అన్న మాటకి వాళ్ళ మాటల్లో నాకేమీ దొరకలేదు. "చూస్తున్నారు" అన్నాను.

ఆమె లేచింది. గంప పక్కన పెట్టి, కొంగు నడుముకి చుట్టుకుని, నేరుగా పెద్దసారు ముందుకి వచ్చింది. మంజూరు మురిగిపోవడానికి ఇంకా పదకొండు రోజులుంది.

"సారూ, ఒక్క మాట అడుగుత. రైలు బతికుందా, చచ్చిందా?"

పెద్దసారు నా వైపు చూశారు.

"మా కాడ మనిషి చస్తే రాయి పెడతం" అంది ఆమె. "రాయి పెట్టినంక ఏడ్చుడు బంద్. ఎవరి పని వాళ్ళు చేసుకుంటం. మీ రైలు చచ్చిందంటే చెప్పుండ్రి, దానికి కూడ రాయి పెడతం, కార్యం చేస్తం, ఊరంత తిని లేస్తం. నా బాయి నేను తవ్వుకుంట. బతికుందంటే రమ్మనుండ్రి, నా పొలం తీసుకోని పోనీ, నేను ఏడనన్న బతుకుత. గిట్ల సావకుంట బతకకుంట నా పొలంల పండుకుంటే ఎట్ల?"

పట్వారీ నమలడం ఆపేశాడు. పెద్దసారు నోరు తెరిచారు. "చూ" దాకా వచ్చింది. ఆమె ముఖం చూసి మిగతాది మింగేశారు. చెట్టు మీద నుంచి ఒక ఇప్పపువ్వు రాలి ఆయన కళ్ళజోడు మీద పడి జారింది. దాన్ని కూడా తుడుచుకోలేదు.

ఆయన ఉద్యోగంలో ఆ ప్రశ్నకి జవాబు లేదు. ఢిల్లీలోనూ లేదు. కానీ ఆ చెట్టు కింద ఒకడి దగ్గర ఉంది. ఆ సంగతి నాకు అప్పుడు, అంత ఆలస్యంగా అర్థమైంది. నా ధైర్యం గురించి పెంచి రాసుకోవచ్చు గానీ, నిజం ఏంటంటే ఖలాసీ వెనకనుంచి నా నడుం మీద కొలబద్దతో పొడిచాడు.

"సార్" అన్నాను. "ఈ రాయి మనది కాదు."

"ఏ రాయి?"

"నలభై ఏడు. ఇది ఈమె మామగారు. నేనే పొరపాటున నంబరు వేశాను. అసలు రాయి ఆ బండ నేల మీద ఎక్కడో ఉంది. లైను ఈ పొలంలోకి అసలు రాదు. ఆ వంపు నేను చేసిందే."

"ఆ నెమలి మెడా?" అన్నారు పెద్దసారు, నిజంగా బాధపడుతూ.

"అవును సార్."

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

"రెండేళ్ళు."

"నాక్కూడ ఎరికే సారూ" అన్నాడు ఖలాసీ ముందుకొచ్చి. "ఆనాడు కోడికూర వండింది నేనే."

ఆమె నా వైపు చూసింది. ఆ చూపు గురించి ఏమీ పెంచి రాయలేను, అది ఉన్నదే చాలా పెద్దది. "రెండేండ్లు" అంది. "రెండు బిందెలు, రోజుకి నాలుగు సార్లు." అంతే.

అసలు రాయిని వెతకడానికి ఊరు ఊరంతా కదిలింది. రెండువందల ఇరవై అడుగులే కదా, పావుగంటలో దొరికింది. పొద కింద ఒరిగి, నలభై ఏడు అన్న అంకె ఇంకా గులాబీ రంగులో కనబడుతూ ఉంది. దాని మీద ఒక తొండ కూర్చుని, ఇన్నేళ్ళు మీరెక్కడ చచ్చారన్నట్టు తల ఊపింది.

పెద్దసారు ఆ రాయి చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. తర్వాత నన్ను పక్కకి పిలిచారు. తిడతారనుకున్నాను.

"లైను మార్చడం నిర్ణయమండీ. దానికి పైవాళ్ళు ఒప్పుకోవాలి, డబ్బు తేలాలి" అన్నారు మెల్లగా. "తప్పు దిద్దడం నిర్ణయం కాదు గదా?"

"కాదనుకుంటాను సార్."

"దానికి బడ్జెట్టు ఏమైనా కావాలా?"

"ఎర్రరంగు అర డబ్బా సార్. నా దగ్గరుంది."

ఆయన మడత కుర్చీ ఆ బండ మీద వేయించుకుని కూర్చున్నారు. నేను నా తప్పు ఒప్పుకుంటూ కాగితం రాశాను. దాని కింద ఆయన, లైను నలభై ఏడో రాయి వద్ద అసలు చోటుకి సవరించబడినదనీ, ఫలానా పొలానికీ మార్గానికీ సంబంధం లేదనీ నాచేత రాయించారు. సంతకం పెట్టబోతే పెన్ను పలకలేదు. ఇన్నేళ్ళ పచ్చ సిరా గడ్డకట్టుకుపోయింది. పట్వారీ తన పెన్ను ఇచ్చాడు. అదే పెన్నుతో అక్కడే తన పుస్తకంలో ఎర్రగీత కొట్టేసి ఠప్పా వేశాడు. "చెప్పినా కదా భాయ్, కాగజ్ తెస్తే అభీ కొడతా అని" అన్నాడు నాతో, ఆ రెండేళ్ళు కాగితం తేలేదన్న నేరం మొత్తం నాదేనన్నట్టు. నాదే.

అక్కడితో అయిపోలేదు. ఊరి పెద్దలు కూర్చుని నాకు తప్పు వేశారు. అక్కడ తప్పు చేసినవాడు తప్పు కట్టాలి, కడితే ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తరు. ఒక కోడి, ఒక కుండ ఇప్పసారా. మామగారి రాయికి నేనే సారా పోసి, దండం పెట్టి, తెలియక నంబరు వేశాను, తెలిసి నోరు మూసుకున్నాను అని రెండు తప్పులూ విడివిడిగా చెప్పాలి. చెప్పాను. కోడిని ఖలాసీ వండాడు. రెండేళ్ళ తర్వాత అతని చేతి కూర. ఎలుగుబంట్లు రాలేదు గానీ ఊరు మిగల్చలేదు. తప్పు చేసినవాడి పైవాడు కూడా తాగాలని పెద్దలు పెద్దసారు చేతికి ఆకుదొప్ప ఇచ్చారు. ఆయన దాన్ని వాసన చూశారు. కళ్ళజోడు సర్దుకున్నారు. "చూద్దాం" అన్నారు. గటగటా తాగేశారు. ఆయన "చూద్దాం" అని నిజంగా చూసిన పని నాకు తెలిసి అదొక్కటే.

మధ్యాహ్నం రెండింటికి మొదలైన నా ఊరి తప్పు మూడున్నరకి, చెక్‌పోస్టు వేళకి, తీరిపోయింది. అదే తప్పుకి మా శాఖ విచారణ నాలుగేళ్ళు నడిచింది. ముగ్గురు విచారణాధికారులు మారారు. పదోన్నతి వెనక్కి తీసుకోవాలా వద్దా అని ఒకరు, వద్దు గానీ ఇంక్రిమెంటు ఆపాలా అని ఒకరు, ఆపితే ఎన్నాళ్ళు అని ఇంకొకరు. ఏదీ తేలకముందే నేను స్వచ్ఛంద విరమణ పెట్టుకున్నాను. ఆ కాగితం మీద మాత్రం వారంలో సంతకం పడింది.

మొన్న ఆ కుర్రాళ్ళని తీసుకుని అటు వెళ్ళాను. మూడోసారి కూడా డబ్బు సంగతి చర్చల్లోనే ఉందట. ఈసారి మూడు భాగాలు కాదు, నాలుగు భాగాలట. ఖలాసీ ఇప్పుడు లేడు. ఉంటే, "గట్లయితే వచ్చినట్టే" అనేవాడు.

బావి ఉంది. రాతికట్టు, లోపల ఆకాశం తునక. పక్కన మిరప, వంగ, రెండు అరటిచెట్లు. ఆమె జుట్టు నెరిసింది. ఇప్పపూల కాలమే కనుక మామగారి రాయి అడుగున సారా ఇంకా తడిగా ఉంది. నంబరు సగం చెరిగి, నాలుగు మాత్రం మిగిలింది.

"తుడిచేస్తానక్కా" అన్నాను.

"ఉండనీయ్ తమ్మీ. అలవాటైంది ఆయనకి." కుర్రాళ్ళ వైపు చూసింది. "మల్ల వచ్చిండ్రా? ఏమంటున్నరు, బతికుందా చచ్చిందా?"

"ఇంకా తెలియదక్కా."

ఆమె నవ్వి, బావిలోంచి చేద లాగి ముందు కుర్రాళ్ళకి నీళ్ళు పోసింది. పొడుగబ్బాయి రెండు చెంబులు తాగాడు. మిగిలిన చేద పట్టుకుని బండ నేల వైపు నడిచింది. మేమూ వెనక వెళ్ళాం. అసలు నలభై ఏడో రాయిని ఎవరో నిటారుగా నిలబెట్టారు. చుట్టూ పొదలు నరికి ఉన్నాయి. చేదలో నీళ్ళు దాని అడుగున పోసింది.

"దీనికి కూడా సారా పోస్తావనుకున్నానక్కా" అన్నాను.

"సారా పోస్తే చచ్చినట్టు లెక్క" అంది ఆమె, ఖాళీ చేద చంకన పెట్టుకుని. "ఇంక తెల్వలే అంటిరి గద. అందుకే నీళ్ళు పోసిన."